వెండిపూత ఫ్లూట్ శుభ్రత: మెరుపు తర్వాత చూద్దాం, ముందు తడి తీయండి

మీ ప్రశ్నలో ఐదు విషయాలున్నాయి. ఏడాదికి పైగా వాయిస్తున్న వెండిపూత ఫ్లూట్‌లో జి షార్ప్ కీ (ఆ స్వరానికి నొక్కే మీట) అతుక్కుని, తెరిచినప్పుడల్లా టిక్కుమంటోంది. ట్యూబు అక్కడక్కడ నల్లబడింది. కేసు తెరిస్తే ముక్కిపోయిన వాసన వస్తోంది. ముక్కలు కలిపేటప్పుడు బిగుసుకుపోతున్నాయి. ఇంట్లో ఒక వెదురు వేణువు కూడా ఉంది, రెండింటికీ ఒకే పద్ధతి పనికొస్తుందా అని అడిగారు. సబ్బు నీళ్లలో కడిగేసి, వెండి పాలిష్ పెట్టి, జాయింట్లకు కాస్త నూనె రాద్దామనుకుంటున్నానని చివర్లో రాశారు.

ఆ మూడింటిలో ఏదీ చేయకండి. మిగతా సమాధానం తీరిగ్గా చదవొచ్చు, ఈ మాట మాత్రం ముందే చెప్పాలి. నేను చాలా కాలంగా ఫ్లూట్లు వాయిస్తూ, బాగు చేస్తూ ఉన్నాను. వాడకం వల్ల అరిగిపోయి వచ్చిన ఫ్లూట్ల కంటే, మెరిపించాలన్న ఆశతో చేసిన పనుల వల్ల పాడై వచ్చినవే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. నల్లబడిన ఫ్లూట్ చక్కగా పలుకుతుంది. తళతళలాడుతూ ప్యాడ్లు (రంధ్రాలను మూసే మెత్తలు) నానిపోయిన ఫ్లూట్ పలకదు.

కారణం ఫ్లూట్ నిర్మాణంలోనే ఉంది. ఈ వాద్యాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చినవాడు జర్మనీకి చెందిన థియోబాల్డ్ బోమ్. 1847లో ఆయన సమాన వ్యాసం గల లోహపు గొట్టంతో కొత్త ఫ్లూట్ తయారు చేశాడు. రంధ్రాలను వేళ్లకు అందేచోట కాకుండా శ్రుతికి సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ, పెద్దవిగా పెట్టాడు. అంత పెద్ద రంధ్రాలు వేలితో మూయలేం కాబట్టి కీస్, అవి తిరిగే సన్నని రాడ్లు, స్ప్రింగులు అవసరమయ్యాయి. ప్రతి కీ అడుగున ఒక ప్యాడ్ ఉంటుంది. పలుచని అట్ట మీద ఉన్ని ఫెల్టు, దాని మీద పశువుల పేగు నుంచి తీసే అతి పలుచని పొర: మామూలు ప్యాడ్ అంటే ఇదే. ఇలాంటివి ఒక ఫ్లూట్‌లో పదిహేను పైచిలుకు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి రంధ్రం చుట్టూ సమంగా కూర్చోకపోయినా గాలి లీకవుతుంది, దానికి కిందున్న స్వరాలన్నీ బలహీనపడతాయి. ప్యాడ్‌కీ రంధ్రం అంచుకీ మధ్య సిగరెట్ కాగితం మందం సందు ఉన్నా తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ ఫెల్టుకు నీళ్లు తగిలితే ఏమవుతుందో ఊహించండి. ఉబ్బుతుంది. ఆరాక ముడుచుకుంటుంది, కానీ మునుపటి ఆకారానికి రాదు. పై పొర గట్టిపడి, అంచుల్లో చిట్లుతుంది. సబ్బు నీళ్లలో ఒక్కసారి ముంచితే ప్యాడ్లన్నీ మార్పించుకోవాల్సిందే. స్ప్రింగులు స్టీలువైతే తుప్పు కూడా పడుతుంది.

నీళ్లలో ముంచకపోయినా రోజూ వాయించేటప్పుడు లోపల కొంత తడి చేరుతూనే ఉంటుంది. దాన్ని చాలామంది ఉమ్మి అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం మన ఊపిరిలోని ఆవిరే. బయటికి వచ్చే ఊపిరి వెచ్చగా, తేమతో నిండి ఉంటుంది. చల్లగా ఉన్న లోహానికి తగలగానే నీటి బిందువులుగా మారుతుంది. చల్లటి గదిలో వాయించినప్పుడు ఎక్కువ నీళ్లు కారేది ఇందుకే. వాయించే ముందు కీస్ అన్నీ మూసి, నోటితో హాయిగా వెచ్చటి గాలి రెండు మూడు సార్లు లోపలికి పంపి గొట్టాన్ని కాస్త వెచ్చబరిస్తే ఈ చెమ్మ తగ్గుతుంది, శ్రుతి కూడా త్వరగా స్థిరపడుతుంది.

అందుకే వాయించడం పూర్తయిన ప్రతిసారీ లోపల తుడవాలి. వారానికోసారి బాగా తుడుస్తాను, రోజూ అక్కర్లేదు అనుకుంటే కుదరదు. రెండు నిమిషాల పని. నిద్ర వస్తున్నా, ఫోన్ మోగుతున్నా ఆ రెండు నిమిషాలు వదలకండి. ఫ్లూట్ సంరక్షణలో ముప్పాతిక వంతు ఇదే.

దీనికి ఫ్లూట్‌తో పాటు వచ్చిన క్లీనింగ్ రాడ్, ఒక పలుచని నూలు గుడ్డ లేదా పట్టు గుడ్డ చాలు. గుడ్డకు నూగు రాలకూడదు, కుట్టిన అంచుల్లో గట్టి దారాలు ఉండకూడదు. రాడ్ చివర ఉన్న కంతలో గుడ్డ మూల దూర్చి, ఆ మూలను రాడ్ కొన మీదుగా కప్పి, మిగతాది రాడ్ చుట్టూ తిప్పుకోండి. కొన కప్పి ఉండటం ముఖ్యం. రాడ్ లోహానిదైతే అది గొట్టం లోపల గీతలు పెడుతుంది. కొత్తగా కొనేవాళ్లు చెక్క రాడ్ గానీ ప్లాస్టిక్ రాడ్ గానీ తీసుకుంటే మంచిది.

హెడ్ జాయింట్‌లో, అంటే పెదవి ఆనించి ఊదే ముక్కలో, గుడ్డ చివరి దాకా, అక్కడ బిరడాలా ఉండే కార్క్‌కు తగిలేదాకా వెళ్లాలి. ఎక్కువ తడి నిలిచేది అక్కడే, చాలామంది తుడవకుండా వదిలేసేదీ అక్కడే. నెట్టకండి, తగిలిందనిపించగానే ఆపి మెల్లగా తిప్పండి. నడిమి ముక్క బాడీకి గుడ్డను ఒకవైపు నుంచి దూర్చి రెండోవైపు నుంచి బయటికి లాగండి. గుడ్డ మందంగా ఉండి బిగుసుకుంటే బలవంతం చేయకండి, ఇంకా పలుచని గుడ్డ వెతుక్కోండి. కింది చివరి ముక్క ఫుట్ జాయింట్ చిన్నదే అయినా వదిలేయొద్దు. చివరగా ముక్కలు కలిసే చోట్ల, సాకెట్ (రెండో ముక్కను లోపలికి తీసుకునే చివర) లోపలా టెనాన్ (అందులోకి దూరే చివర) బయటా ఒకసారి తుడవండి.

తుడిచిన గుడ్డను ఏం చేయాలి? దగ్గరుండి పాడు చేసే అలవాటు ఇక్కడే ఉంది. ఆ తడి గుడ్డను కేసు లోపల ఫ్లూట్ పక్కనే పెట్టి మూసేస్తారు. బయటికి తీసిన నీళ్లు మళ్లీ ఆవిరై ప్యాడ్లలోకే చేరతాయి. మీ కేసు వాసన కూడా నూటికి తొంభై పాళ్లు దీనివల్లే. గుడ్డను కేసు బయటి సంచీలో గానీ ఇంకెక్కడైనా గానీ ఆరేయండి, వారానికోసారి ఉతకండి. గొట్టం లోపలే ఉంచేసే బొచ్చు కడ్డీలు కొన్ని అమ్ముతారు. వాటితో తుడవడం వరకు ఫర్వాలేదు, కానీ లోపలే ఉంచి కేసు మూయడం నాకు అస్సలు నచ్చదు. పీల్చుకున్న తడినంతా అవి ప్యాడ్ల కిందే పట్టి ఉంచుతాయి.

కేసు వాసన పోవాలంటే ఫ్లూట్ బయట పెట్టి, కేసును తెరిచి గాలి ఆడేచోట ఒకటి రెండు రోజులు ఉంచండి. లోపలి గుడ్డను బ్రష్‌తో దులపండి. అత్తరు, సెంటు లాంటివి చల్లకండి. వాసన కప్పబడుతుందే తప్ప తడి పోదు.

ఇక మీ జి షార్ప్ కీ. ఆ కీయే ఎందుకు అతుక్కుంటుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఫ్లూట్‌లో చాలా కీస్ మామూలుగా తెరిచి ఉంటాయి, నొక్కితే మూసుకుంటాయి. జి షార్ప్, ఫుట్ మీది డి షార్ప్, రెండు ట్రిల్ కీస్ (రెండు స్వరాలను వేగంగా మార్చి మార్చి పలికించేవి) మాత్రం తిరగేసి పనిచేస్తాయి. స్ప్రింగు బలంతో ఎప్పుడూ మూసుకునే ఉంటాయి, నొక్కితే తెరుచుకుంటాయి. అంటే మీరు వాయించి పక్కన పెట్టాక కూడా ఆ ప్యాడ్లు తడిసిన రంధ్రం అంచు మీద నొక్కుకునే ఉంటాయి. ఊపిరిలోని తేమతో పాటు నోట్లోని తీపి ఏమైనా వెళ్లిందంటే అది ఆరి జిగురవుతుంది. కీ తెరిచినప్పుడు వచ్చే ఆ టిక్ శబ్దం ఆ జిగురు విడిపోయే చప్పుడే.

సిగరెట్లు చుట్టుకునే పలుచని కాగితం తీసుకుని, జిగురు ఉన్న అంచును కత్తిరించి పారేయండి. ఫ్లూట్ల కోసమే అమ్మే ప్యాడ్ పేపర్ దొరికితే అదింకా మంచిది. కీ తెరిచి కాగితాన్ని ప్యాడ్ కింద పెట్టి, కీ మూసి, వేలితో తేలిగ్గా కొన్ని క్షణాలు నొక్కి పట్టండి. తర్వాత కీ తెరిచి కాగితం తీయండి. కాగితంలో పొడి భాగం పెట్టి మళ్లీ చేయండి. తడి, జిగురు కాగితానికి అంటుకుని వస్తాయి. చాలామంది ఇక్కడ కీ మూసి ఉండగానే కాగితాన్ని బయటికి లాగేస్తారు. అలా లాగితే ప్యాడ్ పై పొర చిరుగుతుంది. ఆ పొర ఎంత పలుచనో ఒకసారి చేత్తో పట్టుకుని చూసినవాళ్లు మళ్లీ లాగరు.

పొడి రాసిన కాగితాలు కూడా దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లకండి. అప్పటికి చప్పుడు ఆగినట్టే ఉంటుంది, కానీ పొడి తేమతో కలిసి ప్యాడ్ మీద పేరుకుపోయి కొన్నాళ్లకు ముందుకంటే ఎక్కువగా అతుక్కుంటుంది. టాల్కం పౌడర్ చల్లడం ఇంకా దారుణం, అది రాడ్లలోకి కూడా పోతుంది. ప్యాడ్‌ను స్పిరిట్‌తో తుడవడమూ వద్దు, పొర ఎండి పెళుసెక్కుతుంది. కాగితంతో వరుసగా కొన్ని రోజులు చేసినా కీ అతుక్కుంటూనే ఉంటే తప్పు స్ప్రింగుదో, రాడ్ లోపల పేరుకున్న మురికిదో అయి ఉండొచ్చు. అది ఇంట్లో చేసే పని కాదు.

అసలు జిగురు చేరకుండా చూసుకోవడమే తేలిక. వాయించే ముందు నోరు పుక్కిలించండి. తీపి పానీయం తాగుతూ మధ్య మధ్యలో వాయించడం మానండి. సాధన సమయంలో దాహమేస్తే మంచినీళ్లు తాగండి. ఈ ఒక్క అలవాటుతో ప్యాడ్ల ఆయుష్షు చాలా పెరుగుతుంది.

నలుపు సంగతి. అది మురికి కాదు. గాలిలో ఉండే గంధకపు సమ్మేళనాలు వెండితో కలిసి వెండి సల్ఫైడ్ అనే పలుచని పొరగా ఏర్పడతాయి. చెమట దాన్ని తొందరపెడుతుంది. కొందరి చేతుల్లో ఫ్లూట్ నెలల్లోనే నల్లబడుతుంది, కొందరి చేతుల్లో ఏళ్లపాటు తెల్లగా ఉంటుంది. శరీర తత్వాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దానికి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఆ పొర వల్ల నాదానికి నష్టమేమీ లేదు.

వెండి పాలిష్ ఎందుకు వద్దంటున్నానంటే, పాలిష్ పని చేసేదే ఉపరితలాన్ని అరగదీయడం ద్వారా. మీ ఫ్లూట్ వెండిపూత ఉన్నది. లోపల ఉండేది సాధారణంగా నికెల్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం. దాని మీద వెండి పూత చాలా పలుచన. పదే పదే రుద్దితే వెండి పోయి లోపలి లోహం బయటపడుతుంది, మళ్లీ పూత వేయించడం తప్ప దారి ఉండదు. అసలు వెండితో చేసిన ఫ్లూట్లలో, అంటే నూటికి 92.5 పాళ్లు వెండి ఉన్నవాటిలో, ఆ భయం తక్కువే గానీ పాలిష్ ముద్ద రాడ్ల సందుల్లో, టోన్ హోల్ (స్వర రంధ్రం) అంచుల్లో చేరి గట్టిపడటం వాటికీ తప్పదు. ముంచితే క్షణంలో తెల్లబడే ద్రావణాలు, టూత్‌పేస్టు, అల్యూమినియం రేకు పరిచి వేడినీళ్లలో సోడా కలిపే చిట్కా, ఇవన్నీ స్పూన్లకూ గిన్నెలకూ సరిపోతాయి. ప్యాడ్లూ స్ప్రింగులూ ఉన్న వస్తువుకు సరిపోవు.

మీరు చేయదగ్గది ఇంతే. వాయించాక మెత్తని పొడి గుడ్డతో, మైక్రోఫైబర్ అయినా పాత నూలు గుడ్డ అయినా, వేళ్లు తగిలిన చోట్లన్నీ తుడవండి. గుడ్డను గొట్టం పొడవునా నడిపించండి. రాడ్ల పక్కన సూదుల్లా ఉండే సన్నని స్ప్రింగులకు గుడ్డ చిక్కుకుంటే అవి వంగుతాయి, లేదా జారిపోతాయి. అందుకే కీస్ కిందికి గుడ్డ దూర్చకండి. రాడ్ల కింద పేరుకునే దుమ్ముకు మెత్తని పొడి పెయింట్ బ్రష్ చాలు, ప్యాడ్లకు తగలకుండా ఊరికే అలా దులపండి. వెండిని మెరిపించే రసాయనం అద్దిన గుడ్డలు వాడాలనిపిస్తే, కీస్ లేని హెడ్ జాయింట్ గొట్టం మీద మాత్రమే, ఏడాదికి ఒకటి రెండు సార్లు, సుతారంగా. కేసులో నలుపు పట్టకుండా ఉంచే కాగితపు పట్టీలు పెట్టుకోవచ్చు, అవి నిజంగానే పనిచేస్తాయి. రబ్బరు బ్యాండ్లు మాత్రం కేసులో ఉండకూడదు. రబ్బరులో గంధకం ఉంటుంది, అది తగిలిన చోట వెండి నల్లగా కాటు పడుతుంది.

జాయింట్లు బిగుసుకోవడానికి నూనె అన్నారు. క్లారినెట్ ముక్కలకు కార్క్ ఉంటుంది కాబట్టి గ్రీజు రాస్తారు, దాన్ని చూసి చాలామంది ఫ్లూట్‌కీ రాస్తారు. ఫ్లూట్‌లో లోహం లోహంలోకి దూరుతుంది, మధ్యలో ఏమీ ఉండకూడదు. నూనె రాస్తే మొదటి రోజు జారుతుంది. తర్వాత దుమ్మును పట్టుకుని సన్నటి ఇసుక కాగితంలా తయారై రెండు ముక్కలనూ అరగదీస్తుంది. మీ జాయింట్లు బిగుసుకోవడానికి కారణం చాలావరకు అక్కడ పేరుకున్న మురికే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపిన గుడ్డతో టెనాన్ బయట, సాకెట్ లోపల తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. ప్యాడ్లకు ఆ తడి తగలకుండా చూసుకోండి. గుడ్డ మీద నల్లటి మరక చూసి మీరే ఆశ్చర్యపోతారు. శుభ్రం చేశాక కూడా బిగువుగా ఉంటే గొట్టం గుండ్రం తప్పి ఉండొచ్చు. అప్పుడు బలం ప్రయోగించొద్దు, బాగుచేసేవాళ్లకు చూపించండి.

కలిపే పద్ధతి కూడా ఒకసారి గమనించుకోండి. బాడీని పైభాగంలో, తయారీదారు పేరు చెక్కి ఉండే నునుపైన చోట పట్టుకోండి. కీస్ మీదా రాడ్ల మీదా పిడికిలి బిగిస్తే అవి వంగుతాయి. వంపు కంటికి కనిపించదు, ప్యాడ్ మాత్రం ఒకవైపు లేస్తుంది. ముక్కలను తిన్నగా ఒకే వరుసలో ఉంచి మెల్లగా తిప్పుతూ దూర్చాలి. అటూ ఇటూ ఊపుతూ నెట్టడం వల్లే జాయింట్లు సాగి వదులవుతాయి. విడదీసేటప్పుడూ ఇదే పద్ధతి.

హెడ్ జాయింట్ చివర టోపీలా ఉండే క్రౌన్‌ను తీరిక దొరికినప్పుడల్లా తిప్పే అలవాటు చాలామందికి ఉంటుంది. అది అలంకారం కాదు. లోపల ఒక కార్క్ బిరడా ఉంటుంది, క్రౌన్ దానికి మరతో బిగించి ఉంటుంది. క్రౌన్ బిగిస్తే కార్క్ పైకి జరుగుతుంది. కార్క్ అడుగు పలక, పెదవి రంధ్రం మధ్య బిందువు నుంచి సుమారు 17 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. మీ క్లీనింగ్ రాడ్ ఒక చివర గీత గమనించారా? అది దీనికోసమే. రాడ్‌ను ఆ చివర ముందుండేలా లోపలికి దూర్చి కార్క్‌కు ఆనించండి. గీత పెదవి రంధ్రానికి సరిగ్గా మధ్యలో కనిపించాలి. అటో ఇటో బాగా జరిగి ఉంటే కింది డి, మధ్య డి, పై డి ఒకదానితో ఒకటి శ్రుతి కలవవు. ఎంత సాధన చేసినా శ్రుతి కుదరడం లేదని కుంగిపోయే విద్యార్థులు మొదట ఇది చూసుకోవాలి. కార్క్ వేలితో తోస్తేనే జరిగిపోతున్నా, క్రౌన్ వదులుగా గిరగిరా తిరుగుతున్నా కార్క్ ఎండి కుంచించుకుపోయిందని అర్థం, మార్పించాలి. దాన్ని మీరే క్రౌన్ వైపు నుంచి పీకే ప్రయత్నం మాత్రం చేయకండి. హెడ్ జాయింట్ అటు వైపు సన్నబడుతూ పోతుంది. బాడీ వైపు సుమారు 19 మిల్లీమీటర్లున్న లోపలి వ్యాసం కార్క్ దగ్గరికి వచ్చేసరికి 17కు తగ్గుతుంది. కార్క్ బయటికి వచ్చేది వెడల్పైన వైపు నుంచే.

పెదవి ఆనే పలక, దాని రంధ్రం అంచు శుభ్రంగా ఉండటం ఆరోగ్యానికీ అవసరమే, ముఖ్యంగా ఒక ఫ్లూట్‌ను ఇద్దరు ముగ్గురు వాయిస్తుంటే. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక వాయించండి. రంధ్రం లోపలి గోడలకు దూదిపుల్ల చాలు. పిన్నులు, సూదులు పెట్టి గీకొద్దు. ఫ్లూట్ గొంతు మొత్తం ఆ అంచు మీదే ఆధారపడి ఉంది, అక్కడ పడిన చిన్న గీత కూడా నాదంలో వినిపిస్తుంది.

నూనె ఫ్లూట్‌లో నిజంగా అవసరమైన చోటు ఒక్కటే, కీస్ తిరిగే రాడ్ల సందులు. అక్కడ కూడా దానికోసమే చేసిన నూనె, సూది మొనతో అందించే చిన్న చుక్క, ఏడాదికి ఒకటి రెండు సార్లు. ఎక్కువైతే కారి ప్యాడ్ల మీదికి పోతుంది. వంటనూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ వద్దు. మొదట్లో ఈ పనిని కూడా బాగుచేసేవాళ్లకే వదిలేయమని నా సలహా. అలాగే కీస్ మధ్య కనిపించే బుల్లి స్క్రూలు ఏ ప్యాడ్ ఎప్పుడు దిగాలో నిర్ణయిస్తాయి. ఒకదాన్ని పావు చుట్టు తిప్పితే ఇంకో రెండు కీస్ సర్దుబాటు తప్పుతుంది. ఏదైనా స్క్రూ పైకి లేచి ఊడిపోయేలా ఉంటే పడిపోకుండా చూసుకుని తీసుకెళ్లి చూపించండి.

ఫ్లూట్‌ను మంచం మీదా కుర్చీ మీదా పెట్టకండి. ఎవరో ఒకరు కూర్చుంటారు, ఇది నేను తరచూ చూసే ప్రమాదం. నోట్స్ పెట్టుకునే స్టాండు అంచు మీద కూడా వద్దు. బల్ల మీద పెట్టాల్సి వస్తే కీస్ పైకి ఉండేలా పెట్టండి, బరువు వాటి మీద పడదు, లోపలి నీళ్లు ప్యాడ్ల వైపు కారవు. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, కొన్ని ప్యాడ్లను లక్కతో అతికిస్తారు, వేడికి అది మెత్తబడి ప్యాడ్ కదులుతుంది.

వెదురు వేణువు సంగతి పూర్తిగా వేరు. దానికి ప్యాడ్లూ లేవు, స్ప్రింగులూ లేవు. దాని శత్రువు పగులు. వెదురు తడిని పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. ఈ మార్పు ఒక్కసారిగా జరిగితే నిలువునా చీలుతుంది. వాయించాక సన్నని మెత్తటి గుడ్డతో లోపల తుడిచి నీడలో ఆరనివ్వండి. ఎండలో, హీటర్ పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకండి. తడిగా ఉండగానే ప్లాస్టిక్ సంచీలో మూసేస్తే బూజు పడుతుంది, గుడ్డ సంచీ మేలు. స్పిరిట్ కూడా వద్దు, వెదురు ఎండిపోతుంది. పెదవి రంధ్రం అంచును శుభ్రమైన తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. కొత్త వేణువు అయితే మొదటి వారాల్లో ఒకేసారి గంటల తరబడి వాయించకుండా కొద్దికొద్దిగా వాయిస్తూ తేమకు అలవాటు చేయండి.

దీనికి మాత్రం నూనె కావాలి. గుడ్డను బాదం నూనెలో కొంచెం తడిపి లోపలి గోడకు పలుచగా పట్టించి, కొన్ని గంటలు వదిలి, మిగిలిన నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తీసేయండి. ఏడాదికి రెండు మూడు సార్లు చాలు, గాలి బాగా పొడిగా ఉండే కాలంలో ఇంకోసారి. ఎక్కువ పోస్తే లోపల జిడ్డుగా నిలిచి చెడు వాసన కొడుతుంది, దుమ్ము పడుతుంది, నాదం మందగిస్తుంది. అవిసె నూనె వాడేవాళ్లూ ఉన్నారు, అది ఆరి గట్టి పొరలా నిలుస్తుంది. వాడితే పచ్చి నూనెనే వాడండి. రంగుల పనికి అమ్మే మరిగించిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, నోటికి తగిలే వస్తువుకు అది పనికిరాదు. ఇంకో జాగ్రత్త: అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి మంట అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి ఆరనిచ్చాకే పారేయండి.

వేణువు మీద చుట్టిన దారాలు అందం కోసమే అనుకుని విప్పేస్తుంటారు. అవి చీలికను ఆపే కట్లు, వదులైతే మళ్లీ బిగించి కట్టించండి. సన్నని గీతలాంటి పగులు కనిపించగానే దాని మీద గట్టి దారం దగ్గరదగ్గరగా చుట్టిస్తే అక్కడితో ఆగుతుంది. గొట్టం మీద గుండుసూది మొనంత రంధ్రాలు, వాటి కింద సన్నటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టినట్టు. దాన్ని మిగతా వేణువుల నుంచి వెంటనే వేరు చేయండి.

లోహపు ఫ్లూట్‌ను ఏడాదికోసారి బాగుచేసేవాళ్లకు ఇవ్వండి. వాళ్లు కీస్ విప్పి, పాత నూనె తుడిచి, కొత్త నూనె వేసి, ప్యాడ్లు సరిచూస్తారు. మీ నలుపు కూడా అప్పుడు, కీస్ విప్పి ఉన్నప్పుడు, తేలిగ్గా తీయించుకోవచ్చు. జాగ్రత్తగా వాడితే ప్యాడ్లు చాలా ఏళ్లే వస్తాయి. మధ్యలోనే తీసుకెళ్లాల్సిన సూచనలు కొన్నున్నాయి: కింది సి, డి స్వరాలు మెల్లగా ఊదితే పలకకపోవడం, వేళ్లు గట్టిగా నొక్కితేనే స్వరం రావడం, నిన్నటిదాకా తేలిగ్గా వచ్చిన స్వరం ఇవాళ గాలిగాలిగా వినిపించడం. ముఖ్యంగా రెండోది. చేతి తప్పేమో అనుకుని నెలల తరబడి గట్టిగా నొక్కడం అలవాటు చేసుకుంటారు. ప్యాడ్ మార్చాక కూడా ఆ పట్టు పోగొట్టుకోవడం చాలా కష్టం.

మీ ఫ్లూట్ ఏడాది దాటింది, జి షార్ప్ కూడా మొండికేస్తోంది కాబట్టి ఇప్పుడే ఒకసారి చూపించడం మంచిదని నా అభిప్రాయం. వెళ్లే ముందు ఏ స్వరం దగ్గర, ఏ కీ నొక్కినప్పుడు, వాయించడం మొదలుపెట్టిన వెంటనేనా లేక అరగంట తర్వాతా ఇబ్బంది వస్తోందో కాగితం మీద రాసుకోండి. తడి చేరాకే అతుక్కుంటే ప్యాడ్ వైపు, మొదటి నుంచీ నెమ్మదిగా కదిలితే రాడ్, స్ప్రింగు వైపు చూడాలని వాళ్లకు వెంటనే తెలుస్తుంది. వీలైతే వాళ్ల ముందే వాయించి చూపించండి, తిరిగి తీసుకునేటప్పుడు కూడా అక్కడే కింది సి నుంచి పై దాకా మెల్లగా ఊది చూసుకున్నాకే కేసులో పెట్టండి.